కంటి గాయం: పనిలోనా, పని బయటా?

శ్రోతలకు నమస్కారం.

కంటికి తగిలే గాయాలను పనిలో తగిలినవి, పని బయట తగిలినవి అని రెండుగా విడదీసి చూడడం వైద్యులకూ చట్టానికీ అలవాటు. ఈ విభజన వల్ల తేటపడే విషయాలు కొన్ని ఉన్నాయి, మరుగున పడిపోయే మనుషులు కూడా ఉన్నారు.

గ్రైండింగ్ చక్రం మీద ఇనుము అరగదీసేటప్పుడు ఎగిరిన రజను నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరలో, అంటే కార్నియాలో గుచ్చుకుని, వెంటనే తీయించకపోతే చుట్టూ తుప్పు వలయం కడుతుంది. వెల్డింగ్ వెలుగు దెబ్బ తీరు వేరు. పని చేస్తున్నంతసేపూ ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాక, తరచుగా రాత్రి నిద్రవేళ, కంట్లో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. తగిన అద్దాలు, ముఖకవచం ఉంటే ఇవి చాలావరకు ఆగిపోతాయి. అందుకే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్‌లో కంటి రక్షణకు ఏర్పాటు చేశారు. 1923 నాటి పరిహార చట్టమైతే, రెండో కన్ను బాగున్నా సరే, ఒక కంటి చూపు పోవడాన్ని సంపాదన శక్తిలో 30 శాతం నష్టంగా లెక్కగట్టింది.

ఇంటి దగ్గర ఇలా లెక్కగట్టేవారు లేరు. వెలగని చిచ్చుబుడ్డి మీదికి వంగి చూసిన పిల్లవాడికైనా, విల్లంబుల ఆటలో పుల్ల తగిలిన పిల్లకైనా అద్దాలు ఇవ్వవలసిన యజమాని ఉండడు. వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తాంబూలపు సున్నం. పిల్లల చేతిలో నొక్కుకుపోయిన సున్నం పొట్లం ఒక్కసారిగా చిట్లి కళ్లలోకి చిమ్ముతుంది. సున్నం క్షారం కాబట్టి పైపొర దగ్గర ఆగకుండా లోలోపలికి దిగుతూ పోతుంది. ఆసుపత్రికి పరుగెత్తడానికి ముందే, రెప్పలు విడదీసి, ధారగా మంచినీళ్లు పోస్తూ కనీసం అరగంట కడగాలి. ఆ అరగంట మీదే చూపు చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఇక రైతునూ, వ్యవసాయ కూలీనీ ఏ వైపు చేర్చాలి? వరి ఆకు అంచు కంటికి గీసుకున్నా, నూర్పిడిలో గింజ వచ్చి తగిలినా అది పనిలో తగిలిన గాయమే. అయితే అక్కడ హాజరు పట్టీ లేదు, ప్రమాదం రాసుకునే రిజిస్టరు లేదు. గీత చిన్నదే కదా అని చనుబాలో, ఆకు పసరో పోస్తారు, లేదా మందుల దుకాణంలో అడిగి చుక్కల మందు తెచ్చుకుంటారు. ఆకుతోపాటు కార్నియాలోకి ఫంగస్ చేరి ఉంటే, స్టెరాయిడ్ కలిసిన ఆ చుక్కలు ఎరుపును తగ్గించినట్టే తగ్గించి, పుండును లోపల పెరగనిస్తాయి. పుండు మానినా తెల్లటి మచ్చ మిగులుతుంది. దానినే పల్లెల్లో కంట్లో పువ్వు పూసిందంటారు. వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు ఏ పైరులో, ఏ పని చేస్తుండగా తగిలిందో తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఫంగస్‌ను అనుమానించి పరీక్ష చేయడానికి వారికి అదే ఆధారం.

కంటి అద్దాల ఖర్చు కూలీ మీద పడకూడదని నా అభిప్రాయం. నూర్పిడి యంత్రాలను అద్దెకు తిప్పేవారు, యంత్రం దగ్గర నిలబడే వారందరికీ సరిపడా అద్దాలను కూడా దానితోపాటే పంపాలి.

నమస్కారం.