స్ప్రింగ్‌ఫీల్డ్ మీదుగా గుడికి | ఈ వీడియోలో ఆ బాబు పేరు ఉండదు

అందరికీ నమస్తే అండీ. శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి డబ్లిన్ నుంచి బయల్దేరాం. ఐర్లండ్‌లో డబ్లిన్ కాదండోయ్, కొలంబస్ పక్కనుండే మా ఒహాయో డబ్లిన్. డేటన్ దగ్గర బీవర్‌క్రీక్‌లో గుడికి వెళ్తున్నాం. మాకు దగ్గర్లోనే పావెల్‌లో గుడి ఉండగా అంత దూరం ఎందుకంటారా? మా అమ్మ నరసరావుపేట నుంచి వచ్చి రెండు నెలలైంది. తనకి చూపించడానికి ఇక్కడ గుళ్ళు, కాస్ట్‌కో తప్ప ఏమున్నాయి చెప్పండి. వెనక సీట్లో అమ్మ, మా అబ్బాయి. అమ్మ ఒళ్ళో పులిహోర డబ్బా. డిక్కీలో పెడితే ఒలికిపోతుందని తన భయం.

ఐ-70 మీద స్ప్రింగ్‌ఫీల్డ్ బోర్డు కనపడగానే మావారు, "కుక్కల్నీ పిల్లుల్నీ తింటున్నారని గోల చేశారే, ఆ ఊరు ఇదే అత్తయ్యా" అన్నారు. 2024 సెప్టెంబరు 10న అధ్యక్ష ఎన్నికల డిబేట్‌లో, కరీబియన్ దేశం హైతీ నుంచి ఈ ఊరికి వచ్చినవాళ్ళ గురించి ట్రంప్ అన్న మాట అది. దానికి నమ్మదగ్గ ఆధారమేదీ లేదని ఊరి అధికారులు చెప్పారు. నాకు మాత్రం ఈ ఊరంటే పిల్లులు గుర్తురావు, పసుపుపచ్చ స్కూల్ బస్సు గుర్తొస్తుంది.

2023 ఆగస్టు 22. ఈ ఊరి దగ్గరి ఒక స్కూలుకి సెలవుల తర్వాత మొదటి రోజు. స్టేట్ రూట్ 41 మీద పిల్లలతో వెళ్తున్న బస్సుకి ఎదురుగా ఒక మినీవ్యాన్ గీత దాటి వచ్చేసింది. తప్పించబోయి బస్సు బోల్తా పడింది. ఇరవైమందికి పైగా పిల్లలకి దెబ్బలు తగిలాయి. 11 ఏళ్ల బాబు ఒకడు చనిపోయాడు. మా అబ్బాయికి ఇప్పుడు సరిగ్గా అంతే వయసు. కొత్త బ్యాగు, కొత్త బూట్లు, బస్సు ఎక్కేముందు గుమ్మం దగ్గర ఒక ఫొటో. మొదటి రోజు ఏ ఇంట్లోనైనా అంతే కదండీ.

వ్యాన్ నడిపినతను హైతీ నుంచి వచ్చినవాడు. అరవై వేల జనాభా కూడా లేని ఈ ఊరికి కొన్నేళ్లలోనే పది పన్నెండు వేలమందికి పైగా హైతీ వాళ్ళు వచ్చారు, ఫ్యాక్టరీల్లో, గోడౌన్లలో పనికి. 2024లో ఎక్కువమందికి టీపీఎస్ ఉండేది. అంటే సొంత దేశంలో పరిస్థితి బాగాలేదని తాత్కాలికంగా ఇక్కడ ఉండనిచ్చే రక్షణ. 2010 భూకంపం తర్వాత హైతీకి ఇచ్చారు. వ్యాన్ నడిపినతనికీ అది ఉండేది. లేనిది ఏంటంటే, ఒహాయోలో చెల్లే లైసెన్సు. 2024 మేలో కోర్టు 9 నుంచి 13న్నరేళ్ల జైలు శిక్ష వేసింది.

అంతటితో ఆ ఇంటి బాధ ఆ ఇంటికి వదిలేయాలి కదా. వదల్లేదు. ఎన్నికలొచ్చాయి. అక్రమ వలసల గురించి మాట్లాడే ప్రతివాళ్ళకీ ఆ బాబు పేరు కావాల్సొచ్చింది. అప్పుడు మా సెనెటర్‌గా ఉన్న జేడీ వాన్స్ అయితే ఎక్స్‌లో ఏకంగా హత్య అని రాశారు. (అవునండీ, మన పశ్చిమ గోదావరి వడ్లూరు మూలాలున్న ఉష గారి భర్తే. ఆయన ఉపాధ్యక్షుడిగా గెలిచినప్పుడు మనవాళ్ళు ఎంత మురిసిపోయారో గుర్తుందిగా.)

డిబేట్ జరిగిన రోజే ఆ బాబు తండ్రి సిటీ కమిషన్ మీటింగ్‌లో మైకు ముందుకొచ్చారు. పక్కన భార్య. నా కొడుకు ఒక అరవయ్యేళ్ల తెల్లాయన చేతిలో పోయినా బాగుండేదనిపిస్తోంది, అప్పుడు ఈ ద్వేషం చిమ్మేవాళ్ళు మమ్మల్ని వదిలేసేవాళ్ళు అన్నారు. మా వాడిది హత్య కాదు, ప్రమాదం అన్నారు. వాడి పేరు మీ రాజకీయానికి వాడుకోవద్దు అన్నారు.

ఇదంతా చెప్తుంటే అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "కడుపుకోత వాళ్ళది, పేలాలు ఏరుకునేది వీళ్ళా" అంది. శవాల మీద పేలాలు అనే మాట చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను గానీ, అంత అతికినట్టు వినడం అదే మొదటిసారి.

ఆ తండ్రి మాట ఎవరూ పెద్దగా విన్నట్టు లేదు. తర్వాత వారాల్లో ఈ ఊరి స్కూళ్ళకీ ఆఫీసులకీ 30కి పైగా ఉత్తుత్తి బాంబు బెదిరింపులు. గవర్నర్ డివైన్ పుట్టిందీ ఈ ఊళ్ళోనే. పొద్దున్నే స్కూళ్ళు తనిఖీ చేయడానికి ఆయన స్టేట్ ట్రూపర్లని, అంటే రాష్ట్ర పోలీసుల్ని, పంపాల్సొచ్చింది.

అంతలో అమ్మ, "అయినా లైసెన్సు లేకుండా అంత పెద్ద బండి ఎట్టా నడిపాడే?" అంది. నేనేమీ అనలేదు. మావారు అద్దంలోంచి నన్నే చూస్తున్నారు. 2014లో వచ్చిన కొత్తలో నేనేం చేశానో ఆయనకి తెలుసు. ఇక్కడ స్థిరపడితే 30 రోజుల్లో ఒహాయో లైసెన్సు తీసుకోవాలి. రాత పరీక్షకి భయపడలేదు, 40 ప్రశ్నలు, 75 శాతం వస్తే చాలు. కోన్ల మధ్య బండిని ముందుకీ వెనక్కీ తిప్పే మెన్యూవరబిలిటీ టెస్టులో మాత్రం రెండుసార్లు పోయింది. ఈలోపు నరసరావుపేట లైసెన్సు పర్సులో పెట్టుకుని నెలల తరబడి తిరిగేశాను. ఒకరోజు పిల్లల కోసం ఆగి ఎర్ర లైట్లు వెలుగుతున్న స్కూల్ బస్సుకి ఎదురొచ్చి, ఆగకుండా వెళ్ళిపోయాను. రెండు లేన్ల రోడ్డు మీద ఎదుటి వాళ్ళు కూడా ఆగాలని నాకు తెలీదు. బస్సు డ్రైవర్ కొట్టిన హారన్ ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ రోజు రోడ్డు దాటే పిల్లలు ఎవరూ లేరు. నా వీసా పక్కాగా ఉందిలెండి. ఉంటే ఏం, బ్రేకు వేయాల్సింది నేనుగా.

2025 ఆగస్టులో ఫ్లోరిడా టర్న్‌పైక్ హైవే మీద ఒక ట్రక్కు అడ్డంగా యూ-టర్న్ తీసుకోవడంతో ముగ్గురు చనిపోయారు. డ్రైవర్ ఇండియా అతనే, అక్రమంగా వచ్చాడని ప్రభుత్వం చెప్పింది. మా వాట్సాప్ గ్రూపులో వచ్చిన మొదటి మెసేజ్ ఏంటో తెలుసా? "మన తెలుగువాళ్ళు కాదు, పంజాబీ." దానికి పద్నాలుగు లైకులు. అందులో ఒకటి నాది. చనిపోయిన ముగ్గురి గురించి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళకి ట్రక్కు లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది అడగాల్సిన ప్రశ్నే, నేనేం కాదనను. కానీ ఆ లైకు నొక్కినప్పుడు నాకు ఆ ప్రశ్న లేదండీ. హమ్మయ్య అనిపించింది, అంతే.

ఈ వీడియోకి మొదట పెట్టాలనుకున్న థంబ్‌నెయిల్‌లో ఆ బాబు పేరుంది. వ్యూస్ వస్తాయని నాకు తెలుసు. తీసేశాను.

గుడికి చేరేసరికి పదింపావు. కెమెరా బయటే ఆపేశాను కాబట్టి మిగతాది మాటల్లోనే చెప్తాను. మా అందరికీ అర్చన అయ్యాక అమ్మ ఇంకో టికెట్ తీసుకుంది. ఎవరికే అంటే, "ఆ అమ్మానాన్నలకి" అంది. పూజారి గారు తెలుగాయనే. గోత్రం అడిగారు.

"తెలీదయ్యా. ఇక్కడివాళ్ళు."

"తెలియకపోతే కాశ్యప గోత్రం అనుకుందాం. పేర్లు?"

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, "పేర్లు వద్దులే నాయనా. ఒక తల్లి, ఒక తండ్రి, అని చదువు" అంది.

ఆయన ఒక్క క్షణం మావైపు చూసి, మంత్రం మొదలుపెట్టారు.