అమ్మమ్మకీ మనవరాలికీ మధ్య మనం

అందరికీ నమస్కారం. అమ్మమ్మలు, నాయనమ్మల ప్రేమ గురించి మాట్లాడమని పిలిచారు. నేను మాత్రం ఎక్కువగా మధ్యలో ఉన్నవాళ్ల గురించే మాట్లాడతాను, అంటే ఒకవైపు ఆ పెద్దావిడకి కొడుకో కూతురో కోడలో అల్లుడో అయ్యుండి, ఇంకోవైపు ఆ పిల్లలకి అమ్మానాన్నలైన మన గురించి. ఆ ఇద్దరినీ దగ్గర చేసేదీ దూరం చేసేదీ చాలావరకు మనమే.

అసలు కంటే వడ్డీ ముద్దు అంటాం కదా. అమెరికాలో ఎమరీ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ రిల్లింగ్ బృందం 50 మంది అమ్మమ్మలు, నాయనమ్మలకి ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్ చేసింది, ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. మనవల ఫొటో చూసినప్పుడు ఎదుటివాళ్ల బాధనీ సంతోషాన్నీ తామే అనుభవించడానికి సంబంధించిన భాగాలు చురుగ్గా పనిచేశాయి. ఎదిగిన సొంత పిల్లల ఫొటో చూసినప్పుడు వాళ్ల మనసులో ఏముందో ఆలోచించి అర్థం చేసుకునే భాగం కాస్త ఎక్కువ పనిచేసింది. 50 మంది అంటే చిన్న సంఖ్యే, కానీ ఇళ్లల్లో మనం చూసేది కూడా ఇదే. మనం ఏడిస్తే ఏమైందని ఆవిడ ఆలోచిస్తుంది, మనవరాలు ఏడిస్తే కారణం తెలియకముందే ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఇది ఉత్త గారాబం అనుకునేవాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. టాంజానియాలో వేట మీద, దుంపల మీద బతికే హడ్జా ప్రజల మధ్య క్రిస్టెన్ హాక్స్ అనే మానవశాస్త్రవేత్త బృందం పరిశోధన చేసింది. తల్లి చంటిబిడ్డతో ఉన్న రోజుల్లో, పాలు మానేసిన పెద్దబిడ్డ ఎంత బరువు పెరుగుతుందన్నది అమ్మమ్మో నాయనమ్మో ఆహారం కోసం పడే కష్టంతో ముడిపడి ఉందని వాళ్లు గమనించారు. కనే వయసు దాటాక కూడా ఆడవాళ్లు అన్నేళ్లు బతకడం వెనక ఇదే ఉందని వాళ్ల వాదన. దాని మీద చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

మధ్యతరాన్నే లేకుండా చేస్తే ఏమవుతుందో అర్జెంటీనాలో చూశాం. 1976లో సైన్యం అధికారం లాక్కుంది, గర్భిణులని కూడా పట్టుకెళ్లి, నిర్బంధంలో కాన్పయ్యాక తల్లులని మాయం చేసి, బిడ్డలని వేరేవాళ్లకి ఇచ్చేశారు. 1977లో ఆ బిడ్డల అమ్మమ్మలు, నాయనమ్మలు ఒక సంఘంగా కలిసి వెతకడం మొదలుపెట్టారు. తల్లిదండ్రులు లేరు కాబట్టి తమ రక్తంతోనే బంధుత్వం తేల్చగలరా అని శాస్త్రవేత్తలని అడిగారు, మేరీ క్లెయిర్ కింగ్ లాంటివాళ్లు దానికి దారి చూపించారు. ఇప్పటివరకు 130 మందికి పైగా మనవలు దొరికారు. ఒక్కసారి కూడా ఎత్తుకోని బిడ్డ కోసం దశాబ్దాలపాటు వెతకడం, ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మరి మన ఇళ్లల్లో పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మ దగ్గరికే ఎందుకు పరిగెత్తుతారు? మన దగ్గర ప్రతి మాటకీ వెనక ఒక పని ఉంటుంది, హోంవర్క్ అయిందా, మార్కులెన్ని, త్వరగా తిను, టైమైపోతోంది. ఆవిడకి ఆ బిడ్డని ఏదో ఒకటి చేసి తీరాలన్న టెన్షన్ లేదు, అందుకే చెప్పిన కథే నాలుగోసారి అడిగినా చెప్తుంది, బడిలో ఎవరో మాట్లాడలేదన్న చిన్న బాధని కూడా పూర్తిగా వింటుంది, మధ్యలో సలహా ఇవ్వదు. మనకి చెప్పని భయాలు పిల్లలు అక్కడ చెప్పుకుంటారు. అవి ఆరా తీయకండి దయచేసి, ప్రమాదం అనిపిస్తే ఆవిడే మనకి చెప్తుంది.

మనం చేసేవి చూడండి. ఆవిడ మీద కోపం పిల్లల ముందు చూపిస్తాం, దాంతో ఎవరి పక్షాన ఉండాలో తెలియక పిల్లలు నలిగిపోతారు. వీడియో కాల్‌లో "రైమ్ చెప్పు, డాన్స్ చెయ్యి" అని మనమే నడిపిస్తాం, ఫోన్ వాళ్ల చేతికిచ్చి పక్కకి వెళ్లం. ఇక రోజంతా పిల్లల్ని ఆవిడకి వదిలేసి, మోకాళ్లు నొప్పిగా ఉన్నాయంటే మొహం ముడుచుకుంటాం. ప్రేమ ఉంది కదా అని ఆవిడ ఒంట్లో ఓపిక ఉందో లేదో అడగకపోవడం అన్యాయం. ఇవాళ నావల్ల కాదు అనే హక్కు ఆవిడకి ఉండాలి.

ఆఖరుగా, అమ్మమ్మ పోయినప్పుడు. పెద్దవాళ్లం "వయసైపోయింది, బాధపడకుండా పోయింది" అనుకుని సర్దుకుంటాం, కానీ ఆ పిల్లాడికి తను చూసే మొదటి చావు చాలాసార్లు అదే. నిద్రపోతోంది అని చెప్పకండి, రాత్రి తను నిద్రపోవడానికే భయపడొచ్చు. ఊరెళ్లింది అనకండి, ఎదురుచూస్తాడు. చనిపోయింది, ఇక రాదు అని తిన్నగా చెప్పి, దగ్గరికి తీసుకుని కూర్చోండి. మర్నాడు ఆటల్లో పడిపోతే వాడికి బాధ లేదనుకోవద్దు, నెల తర్వాత అన్నం తింటూ హఠాత్తుగా అడుగుతాడు, ఇంకోసారి కూడా అడుగుతాడు, అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పండి.