కరెంటు చార్జీలు పెంచలేదంటారు, బిల్లు మాత్రం ఎందుకు పెరుగుతోంది?

[తెరపై: చేతిలో పొడవాటి కరెంటు బిల్లు. వేలు ఒక్కో వరుస మీదుగా కిందికి దిగుతుంది.]

నమస్తే అండీ. ఆ మధ్య మా పిన్ని తన కరెంటు బిల్లు ఫొటో తీసి పంపింది. "యూనిట్లు పోయిన నెలకంటే తక్కువే కాలాయి, డబ్బులు మాత్రం తగ్గలేదేంట్రా? చార్జీలు పెంచలేదని పేపర్లో వేశారు కదా" అని అడిగింది.

పేపర్లో వేసింది నిజమే. పిన్ని అడిగిందీ న్యాయమే. బిల్లులో పైన కనిపించే స్లాబు రేటు మారకపోయినా, కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు మూడు వరుసలు మారుతూ ఉంటాయి. ఆ వరుసలు ఎక్కడ పుడతాయో, వాటి మీద మనం ఎప్పుడు మాట్లాడవచ్చో ఈ వీడియోలో చెప్తాను. కాస్త లెక్కలుంటాయి, ఓపిక పట్టండి.

[తెరపై: క్యాలెండర్. నవంబర్ 30, ఆపై మార్చి, ఏప్రిల్ 1.]

కరెంటు రేటును ముఖ్యమంత్రి నిర్ణయిస్తారని చాలామంది అనుకుంటారు. చట్టప్రకారం ఆ అధికారం విద్యుత్ నియంత్రణ మండలిది. మనం ఈఆర్‌సీ అంటాం. 2003 విద్యుత్ చట్టం ప్రకారం రాష్ట్రాల్లో ఒక ఛైర్మన్‌తో కలిపి ముగ్గురికి మించకుండా సభ్యులుంటారు. మనకు కరెంటు ఇచ్చే కంపెనీలు, అంటే డిస్కంలు, ఏటా నవంబర్ 30 నాటికి ఈ మండలి ముందు ఒక లెక్క పెట్టాలి. వచ్చే ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు ఎన్ని యూనిట్లు కొంటాం, ఎంతకు కొంటాం, తీగల నిర్వహణకు, జీతాలకు, వడ్డీలకు ఎంతవుతుంది, ఇప్పుడున్న రేట్లతో ఎంత వసూలవుతుంది, ఎంత లోటు పడుతుంది అన్నది ఆ లెక్క. దాన్నే ఏఆర్‌ఆర్ అంటారు. ఆ తర్వాత అభ్యంతరాలు పిలవాలి, బహిరంగ విచారణ జరపాలి, 120 రోజుల్లో మండలి తీర్పు చెప్పాలి. అలా ఏప్రిల్ 1 నాటికి కొత్త రేట్లు వస్తాయి.

ఎవరికైనా ఉచితంగానో తక్కువకో ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే, చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బును డిస్కంకు ముందుగా కట్టాలి. రైతుకిచ్చే ఉచిత కరెంటయినా, తెలంగాణలో 2024లో మొదలైన 200 యూనిట్ల గృహజ్యోతి అయినా ఇదే నియమం. ఉచిత కరెంటు వల్లే డిస్కంలు మునుగుతున్నాయని అనేవాళ్లు ఈ సెక్షన్‌ను ఒకసారి చదవాలి. సబ్సిడీ సకాలంలో చేరితే ఆ భారం డిస్కం మీద ఉండదు. ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది, ఆ అప్పు వడ్డీ మళ్లీ లెక్కల్లోకి వచ్చి కూర్చుంటుంది.

[తెరపై: తెల్ల బోర్డు మీద చేత్తో రాసిన లెక్క.]

ఇప్పుడు బిల్లు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఇళ్ల స్లాబులు తీసుకుంటున్నాను. నెలకు 150 యూనిట్లు వాడిన ఇల్లు అనుకోండి. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున 57 రూపాయలు. తర్వాతి 45 యూనిట్లు 3 రూపాయల చొప్పున 135. ఆపై 50 యూనిట్లు నాలుగున్నర చొప్పున 225. మిగిలిన 25 యూనిట్లు 6 రూపాయల చొప్పున 150. మొత్తం 567 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, కరెంటు డ్యూటీ వేరు.

దీనిమీద యూనిట్‌కు 40 పైసలు ఇంధన సర్దుబాటు పడితే ఇంకో 60 రూపాయలు. అంటే రేటు ఒక్క పైసా పెంచకుండానే పదిశాతం పైన పెరిగింది. మా పిన్ని అడిగింది ఈ 60 రూపాయల గురించే.

ఈ సర్దుబాటు ఎందుకంటే, ఏడాది ముందు వేసిన అంచనా ఎప్పుడూ సరిగ్గా కుదరదు. 2022 ఎండాకాలం గుర్తుందా? దేశమంతా బొగ్గు కొరత. డిస్కంలు అప్పటికప్పుడు కరెంటు కొనుక్కునే ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర 12 రూపాయలు దాటకూడదని కేంద్ర నియంత్రణ మండలి గరిష్ఠ పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు. అలాంటప్పుడు డిస్కం అనుకున్నదానికంటే ఎక్కువ పెట్టి కొంటుంది. ఆ తేడాను తర్వాత మన దగ్గర వసూలు చేసుకుంటుంది. ఏపీలో 2023 నుంచి నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా దానంతటదే బిల్లులో పడే ఏర్పాటు ఉంది. అంతకు మించిన తేడాను ఏడాది చివర లెక్క తేల్చి మండలి ముందు పెడతారు.

తేడా వసూలు చేయడాన్ని నేను తప్పుపట్టను. కొన్నదానికి ఎవరో ఒకరు కట్టాలి. నా బాధ ఆలస్యం గురించి. 2022-23 సంవత్సరానికి సుమారు 6,072 కోట్ల రూపాయల సర్దుబాటు వసూలు 2024 చివర్లో మొదలైంది. దాని వెనకే 2023-24కు మరో 9,412 కోట్లు.

[తెరపై: "2014-19" అన్న అంకెలు, వాటి కింద "2022 ఆగస్టు".]

ఇంతకంటే పాత కథ ఒకటుంది. 2014 నుంచి 2019 దాకా ఐదేళ్ల తేడా లెక్కలు. వీటినే ట్రూఅప్ అంటారు. 2021 ఆగస్టులో ఏపీ మండలి 3,669 కోట్లు వసూలు చేసుకోమంది. సెప్టెంబర్ బిల్లుల్లో అది పడింది, జనం గగ్గోలు పెట్టారు. ప్రజలకు తెలిసేలా నోటీసు ఇవ్వకుండా ఈ ఉత్తర్వు ఎలా ఇచ్చారని ప్రశ్న వచ్చింది. మండలి ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. మళ్లీ నోటీసులిచ్చి, విచారణ జరిపి, 2022లో సుమారు 2,910 కోట్లకు అనుమతించింది. వసూలు ఆ ఏడాది ఆగస్టు నుంచి.

రెండు ఉత్తర్వుల మధ్య తేడా 750 కోట్ల పైమాటే. జనం నోరు విప్పకపోతే ఆ మొదటి అంకె అలాగే మన బిల్లుల్లో నడిచిపోయేది. నేను ఈ వీడియో చేయడానికి అసలు కారణం ఇదే.

ఇంకోమాట. 2014లో వాడిన కరెంటుకు 2022లో కట్టడమంటే, అద్దె ఇళ్లలో ఉన్నవాళ్ల సంగతి ఆలోచించండి. బాకీ సర్వీసు నంబరుకు అంటుకుని ఉంటుంది. ఎనిమిదేళ్ల కింద ఆ ఇంట్లో ఏసీ వేసుకున్నవాళ్లు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటారు, ఇప్పుడు పిల్లలతో కొత్తగా దిగిన కుటుంబం ఆ తేడా కడుతుంది. తేడా ఏ ఏడాదికాయేడాది తేలితేనే వాడినవాళ్లు కట్టినట్టవుతుంది.

లెక్క వెనక్కి కూడా తిరుగుతుంది. 2024-25లో ఏపీ డిస్కంలు 40 పైసల చొప్పున తీసుకున్న మొత్తం, మండలి ఒప్పుకున్న ఖర్చుకంటే 923 కోట్లు ఎక్కువని తేలింది. దాన్ని 2025 నవంబర్ నుంచి ఏడాదిపాటు యూనిట్‌కు 13 పైసల చొప్పున తిరిగివ్వమన్నారు. దీన్ని ట్రూడౌన్ అంటారు. మన 150 యూనిట్ల ఇంటికి నెలకు 19 రూపాయల 50 పైసలు. మీ బిల్లులో ఆ తగ్గింపు ఉందో లేదో చూసుకోండి.

[తెరపై: తెలంగాణ పటం.]

తెలంగాణలో 2024 అక్టోబర్‌లో జరిగింది కూడా చెప్పాలి. నెలకు 300 యూనిట్లు దాటే ఇళ్లకు ఫిక్స్‌డ్ చార్జీని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50కి పెంచాలని, పరిశ్రమలకూ కొన్ని మార్పులు చేయాలని డిస్కంలు అడిగాయి. మొత్తం మీద సుమారు 1,200 కోట్ల భారం. విచారణలయ్యాక మండలి దాదాపు అంతా తోసిపుచ్చింది. అందులో చాలా కొద్ది భాగానికే ఒప్పుకుంది.

కరెంటు చార్జీల మీద జనం మాట్లాడటం మనకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఈఆర్‌సీ మొదటి టారిఫ్ ఉత్తర్వు వచ్చిన 2000లోనే, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద నిరసనకు దిగినవాళ్లపై జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు వదిలారు. ఇప్పుడు విచారణ హాల్లో ఖాళీ కుర్చీలు చూసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

[తెరపై: పార్లమెంటు భవనం.]

ఇక ఢిల్లీ సంగతి. 2025 అక్టోబర్‌లో కేంద్ర విద్యుత్ శాఖ విద్యుత్ చట్టానికి సవరణల ముసాయిదా బయటపెట్టింది. అందులో మన బిల్లును తాకేవి కొన్ని ఉన్నాయి. కరెంటు ఇవ్వడానికి అయ్యే ఖర్చుకు తగ్గట్టే రేటు ఉండాలంటోంది. చిన్న ఇళ్ల రేటు తగ్గించేందుకు ఫ్యాక్టరీలు, రైల్వేలు, మెట్రోల మీద అదనంగా వేసే భారాన్ని, అంటే క్రాస్ సబ్సిడీని, ఐదేళ్లలో తీసేయాలంటోంది. ఇప్పుడు పరిశ్రమలు ఖర్చుకంటే ఎక్కువ కడుతున్నాయి కాబట్టే చిన్న ఇళ్లకు 1.90 లాంటి రేటు నిలబడుతోంది. అది పోతే ఆ ఖాళీని ప్రభుత్వ బడ్జెట్ పూడ్చాలి, లేకపోతే మన స్లాబు పెరగాలి. ఫ్యాక్టరీ మీద భారం తగ్గితే ఉద్యోగాలొస్తాయన్న వాదనలో బలం ఉంది. కానీ ఖాళీని ఎవరు పూడుస్తారో రాతపూర్వకంగా తేల్చకుండా ముందుకు వెళ్తే నాకు భయమే.

డిస్కంలు లెక్క సమర్పించకపోయినా మండలి తనంతట తానే ఏప్రిల్ 1 నుంచి రేటు నిర్ణయించవచ్చని కూడా ముసాయిదా అంటోంది. ఇది నాకు నచ్చింది. తేడాలను ఏళ్ల తరబడి పోగేసే అలవాటుకు అడ్డుకట్ట పడుతుంది. సుప్రీంకోర్టు కూడా 2025 ఆగస్టులో ఢిల్లీ డిస్కంల కేసులో, ఇలా పేరుకుపోయిన బాకీలను తీర్చేందుకు కాలపట్టిక వేయమని అన్ని రాష్ట్రాల మండళ్లకూ చెప్పింది. దాని అర్థం, పాత బాకీలున్న రాష్ట్రాల్లో వసూళ్లు వేగం కావచ్చు.

స్మార్ట్ మీటర్ ఉన్న ఇళ్లకు వేళను బట్టి రేటు కూడా రావాల్సి ఉంది. 2023 కేంద్ర నిబంధనల ప్రకారం ఎండ ఉన్న వేళల్లో రేటు కనీసం 20 శాతం తగ్గాలి, సాయంత్రం డిమాండ్ ఎక్కువైనప్పుడు కనీసం 10 శాతం పెరగాలి. వ్యవసాయానికి ఇది వర్తించదు. పగలు ఇంట్లో మనుషులుంటే వాషింగ్ మెషీన్, మోటారు మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు. పొద్దున వెళ్లి రాత్రికొచ్చే కూలీ కుటుంబం ఏం మార్చుకుంటుంది? ఈ ప్రశ్న విచారణలో ఎవరైనా గట్టిగా అడగాలి.

[తెరపై: తెల్ల కాగితం, పెన్ను.]

ఎలా అడగాలో చెప్తాను. డిస్కం ప్రతిపాదనలు ఇచ్చాక పేపర్లలో నోటీసు వస్తుంది, మండలి వెబ్‌సైట్‌లో పూర్తి పత్రాలుంటాయి. వాటిలో రెండే చూడండి. ఒకటి, కరెంటు ఎంతకు కొంటున్నారు. డిస్కం ఖర్చులో పెద్ద వాటా అదే. రెండు, వ్యవసాయానికి ఎన్ని యూనిట్లని రాశారు. మీటర్లు లేని పంపుసెట్ల వాడకం అంచనా మాత్రమే. ఆ అంచనా ఎక్కువ చూపిస్తే లైన్ నష్టాలు, దొంగ కరెంటు తక్కువగా కనిపిస్తాయి.

ఉత్తరం తెలుగులోనే రాయండి. పేరు, ఊరు, సర్వీసు నంబరు, మీ అభ్యంతరం. ఒక కాపీ మండలి కార్యదర్శికి, ఒక కాపీ మీ డిస్కంకు, నోటీసులో ఇచ్చిన గడువులోగా పంపండి. "నేను స్వయంగా మాట్లాడతాను" అని చివర ఒక ముక్క చేర్చండి. మీ అభ్యంతరానికి డిస్కం రాతపూర్వకంగా జవాబివ్వాలి.

పిన్ని తన ఉత్తరం రాసేసింది. అందులో ఒకటే ప్రశ్న: "నేను ఏ నెల వాడిన కరెంటుకు ఈ 60 రూపాయలు కడుతున్నానో బిల్లు మీద పెద్ద అక్షరాల్లో ఎందుకు వేయరు?"