మార్చలేనివాటికే ముందు డబ్బు

అందరికీ నమస్కారమండి.

ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లి మనలో చాలామంది మొదట అడిగే మాట "ఐ5 ఉందా?" అని, అంటే ఇంటెల్ ప్రాసెసర్ పేరు. అసలు అడగాల్సింది, ఆ మిషన్ ముందు కూర్చునే మనిషి రోజంతా ఏం చేస్తారని. 50 నుంచి 65 వేల లోపు, మన కొట్లో లెక్కలు చూసే ఉద్యోగి కోసం కొనే ల్యాప్‌టాప్ గురించే ఇవాళ మాట్లాడతాను. ఆ సీట్లో ట్యాలీ తెరిచి ఉంటుంది. రెండు మూడు ఎక్సెల్ షీట్లు, క్రోమ్‌లో జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు, బ్యాంకు, వాట్సాప్ ఉంటాయి. వీటివల్ల ప్రాసెసర్ మీద పెద్ద బరువు పడదు. మెమరీ మాత్రం చాలదు.

అందుకని ర్యామ్ 16 జీబీ ఉండాల్సిందే. విండోస్ 11 లేచి కూర్చోవడానికే మూడు నాలుగు జీబీ పోతుంది. స్క్రీన్ మీద బొమ్మ చూపే గ్రాఫిక్స్ కూడా అందులోంచే వాటా తీసుకుంటుంది. 8 జీబీ అయితే మిగిలింది సరిపోక డేటాను ఎస్ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచే డిస్క్, మీదికీ వెనక్కీ తిప్పుతూ ఉంటుంది. మధ్యాహ్నానికల్లా "సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది సార్" అనేది అందుకే.

"ఇప్పుడు 8 తీసుకోండి, తర్వాత పెంచుకోవచ్చు" అని షాపులో చెప్తారు. ర్యామ్ గుచ్చే స్లాట్ ఉంటేనే ఆ మాట నిజం. సన్నటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్ చిప్పులు ఊడదీయలేకుండా బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి. డెమో పీస్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద "ఫామ్ ఫ్యాక్టర్" అని ఉంటుంది. "రో ఆఫ్ చిప్స్" అని కనిపిస్తే అది సోల్డర్ చేసిన ర్యామ్. "సోడిమ్" అంటే మామూలుగా ఊడదీసి మార్చగలిగేది. ఒక్కోసారి ఇది తప్పు చూపిస్తుంది కాబట్టి కంపెనీ స్పెసిఫికేషన్ కాగితం కూడా అడగండి.

ఎస్ఎస్‌డీ గురించి ఇంత బెంగ అక్కర్లేదు. 512 జీబీ ఎన్‌వీఎంఈ, అంటే వేగంగా పనిచేసే రకం, చాలు. తర్వాత మార్చుకోవడమూ సులువే.

ప్రాసెసర్ దగ్గర పేరు కన్నా నెంబరు చదవండి. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ పక్కపక్కన పెడితే తేడా ఒక్క అంకె. ఆ మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెప్తుంది. 7520లో ఉన్నది 2019 నాటి జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు, అంటే పని చేసే భాగాలు. 7530లో జెన్ 3, ఆరు కోర్లు. పైగా 7520యూ ఉన్న మిషన్లన్నిటికీ ర్యామ్ సోల్డర్ చేసే వస్తుంది. ఇంటెల్‌లో ఐ5-1235యూ, 1335యూ ఈ పనికి చక్కగా సరిపోతాయి.

ఇక కళ్లూ వేళ్లూ. రోజుకు ఎనిమిది గంటలు చూసే స్క్రీన్ ఐపీఎస్ (ఏ వైపునుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం), ఫుల్ హెచ్‌డీ, మెరుపు లేని మ్యాట్ రకమై ఉండాలి. పైనుంచీ పక్కనుంచీ చూడండి. రంగులు వెలిసినట్టు కనిపిస్తే వద్దు. వోచర్లు కొట్టేవాళ్లకు కుడిపక్క నెంబర్ ప్యాడ్ లేకపోతే నరకం. అది కావాలంటే మామూలుగా 15.6 అంగుళాలు, ఆపై సైజుకే వెళ్లాలి.

పోర్టులు లెక్కపెట్టండి. డిజిటల్ సంతకం టోకెన్ మామూలుగా పాత వెడల్పు యూఎస్‌బీలోనే పడుతుంది. ప్రింటర్, మౌస్ కూడా అంతే. నెట్‌వర్క్‌లో ట్యాలీ వాడేవాళ్లు నెట్‌వర్క్ వైరు గుచ్చే లాన్ పోర్టు ఉన్నదే తీసుకోండి. ఎంట్రీ సేవ్ అవుతుండగా వైఫై తెగితే కంపెనీ డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

చవకరకాల్లో ముందు పోయేది హింజ్, అంటే మూత తిరిగే బందు. ఇనప హింజ్‌ని ప్లాస్టిక్ బాడీలో గుచ్చిన చిన్న ఇత్తడి గింజలకు బిగిస్తారు. మూత ఒక మూల పట్టుకుని ఎత్తితే ఆ బరువంతా ఒక్క వైపే పడి గింజ ప్లాస్టిక్‌తో సహా ఊడొస్తుంది. మధ్యలో పట్టుకుని తెరవమని చెప్పండి. వారంటీ ఆన్‌సైట్, అంటే మనిషే మన దగ్గరికొచ్చి బాగుచేసేది, తీసుకోండి. సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లాలంటే అన్ని రోజులూ ఆ సీటు ఖాళీ. మిషన్‌కు మూడేళ్లున్నా బ్యాటరీకి చాలాసార్లు ఏడాదే ఉంటుంది, అది విడిగా అడగండి.

బిల్లు మీద మీ జీఎస్టీ నెంబరు పడాలి. 18 శాతం పన్ను క్రెడిట్‌గా వెనక్కొస్తుంది. జీఎస్టీ కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు మాత్రం రాదు.

చివరిది చాలామంది వదిలేసేది. కొత్త విండోస్ 11 మిషన్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే చాలాసార్లు డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే అందులోని డేటాకు తాళం పడుతుంది. తాళంచెవి, అంటే 48 అంకెల రికవరీ కీ, ఆ అకౌంట్లోకి వెళ్తుంది. ఉద్యోగి తన సొంత మెయిల్‌తో తెరిచి, రెండేళ్ల తర్వాత మానేశాడనుకోండి. మదర్‌బోర్డు మార్చిన రోజు మిషన్ ఆ కీ అడుగుతుంది. కీ దొరక్కపోతే, బ్యాకప్ లేని డేటా ఇక రాదు. సంస్థ పేరు మీద అకౌంట్ తెరిచి, మీ చేతులతో లాగిన్ అవ్వండి. కీ ప్రింట్ తీసి, దాని మీద ల్యాప్‌టాప్ సీరియల్ నెంబరు రాసి, బీరువాలో పెట్టాకే మిషన్ ఉద్యోగి చేతికివ్వండి.