చిన్న బండికి పెద్ద పనిముట్టు: కొంటున్నారా, కొనిపిస్తున్నారా?

చిన్న ట్రాక్టరుకు తూగని రోటవేటరు (తిరిగే కత్తులతో మట్టిని పొడి చేసే పనిముట్టు) తగిలించి గట్టు ఎక్కిస్తుంటే ముందు చక్రాలు గాల్లోకి లేచిన వీడియో ఒకటి వారం రోజులుగా ఫోన్లలో తిరుగుతోంది. దాని మీద స్టూడియోలో జరిగిన చర్చ ఇది. మాట మీద మాట పడిన చోట వినబడినంత వరకే రాశాం.

యాంకర్: నమస్కారం. వీడియో అందరూ చూశారు. దూకేశాడు కాబట్టి ఆ డ్రైవరు బతికాడు. నా ప్రశ్న ఒక్కటే. ఆ పనిముట్టు అతనే కొన్నాడా, అతనికి అంటగట్టారా? ఇక్కడ నలుగురున్నారు, నలుగురికీ సమానంగా సమయం. ముందు రైతు గారూ, మీరు.

రైతు: నమస్కారమండీ. నాది 24 హెచ్‌పీ బండి, టూ వీల్ డ్రైవ్. పవర్ స్టీరింగ్ కూడా లేదు. చేతిలో ఉన్నదంతా బండికే పోయింది. మిగిలిన దాంతో పనిముట్లు రెండొస్తాయి, మహా అయితే మూడు. ఏవి తీసుకోవాలో అడిగి పోదామని వచ్చాను.

యాంకర్: అంటే బండి అమ్మినప్పుడు మీకెవరూ చెప్పలేదు.

రైతు: చెప్పారండీ. ఐదు తీసుకోమన్నారు.

యాంకర్: ఐదు! చూశారా!

మెకానిక్: నేను చెప్తా సార్. ట్రాలీ, గొర్రు. అంతే. మూడోది అడగొద్దు.

ఇంజినీర్: అలా ఒక్క మాటలో తేల్చేస్తే ఎలా? నేల ఏమిటో, పంట ఏమిటో...

మెకానిక్: ఏ నేలైనా సరుకు మొయ్యాలా వద్దా? ఎరువు మొయ్యాలి, విత్తనం మొయ్యాలి, పంట మొయ్యాలి. ఏడాదిలో దున్నేది ఎన్ని రోజులు, మోసేది ఎన్ని రోజులు? లెక్కేసుకోండి. అందుకే ట్రాలీ ముందు. తర్వాత స్ప్రింగు గొర్రు. దానికి గేరుబాక్సు లేదు, చైను లేదు, ఆయిలు లేదు. అరిగితే పార మారుస్తాం, విరిగితే స్ప్రింగు మారుస్తాం. చెడిపోయే వస్తువే లేదు అందులో.

యాంకర్: కానీ అందరికీ రోటవేటరే అమ్ముతున్నారు కదా. అంటగడుతున్నారంటారా?

ఇంజినీర్: రోటవేటరు చెడ్డదేం కాదండీ. గొర్రుతో రెండు మూడు సాళ్లు తిప్పాల్సిన చోట ఒక్క సాలుతో అవుతుంది. డీజిలూ, సమయమూ మిగులుతాయి. కాకపోతే బండికి తగ్గ వెడల్పు ఉండాలి. అడుగు వెడల్పుకు పీటీఓ దగ్గర, అంటే పనిముట్టును తిప్పే వెనక షాఫ్టు దగ్గర, ఐదు హెచ్‌పీ అని ఒక మోటు లెక్క. ఇంజిను 24 అంటే పీటీఓకి చేరేది అంతకంటే తక్కువ, ఇరవై అనుకోండి. అంటే నాలుగడుగులు. గట్టి నేలైతే అదీ ఎక్కువే.

రైతు: నాకు ఐదడుగులది చూపించారండీ.

యాంకర్: (బల్ల మీద చరిచి) అదీ! దీన్నే నేను అంటగట్టడం అంటున్నా!

నిర్వాహకురాలు: ఒక్క నిమిషం. మా దగ్గర యంత్రాలు అద్దెకిస్తాం. ఐదడుగులదే కావాలని రైతులే అడుగుతారు. వెనక చక్రాల జాడ కప్పాలి కదా అంటారు. ఆ మాట తప్పు కాదు. పనిముట్టు చక్రాల కంటే ఇరుకుగా ఉంటే దున్నిన దాన్ని చక్రమే తొక్కేసుకుంటూ పోతుంది.

ఇంజినీర్: అప్పుడు చక్రాల ఎడం తగ్గించుకోవచ్చు, లేదంటే పనిముట్టును ఒక పక్కకు జరిపి బిగించొచ్చు. వెడల్పు పెంచడం ఒక్కటే దారి కాదు.

మెకానిక్: (అడ్డుపడుతూ) అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు సార్. రోటవేటరు కొన్న మొదటి ఏడు సంబరం. రెండో ఏడు నా షెడ్డుకొస్తుంది. రోటరు గొట్టం చివర, బేరింగు పక్కన, గడ్డీ దారాలూ చుట్టుకుంటాయి. సంచులు కుట్టే దారం, డ్రిప్పు పైపు ముక్క, ఎక్కడిదో సన్న తీగ. బయటి నుంచి చూస్తే మట్టి ముద్దలా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఆ దారం తిరిగి తిరిగి సీలును కోసేస్తుంది. సీలు పోతే ఆయిలు బయటికి, బురద లోపలికి. ఓ పూట బేరింగు కీచుమంటుంది, మర్నాటికి షాఫ్టు అరిగిపోతుంది. పని దిగగానే కత్తి తీసుకుని ఆ దారం కోసెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టదు. చేసేవాళ్లు ఎంతమంది?

యాంకర్: అమ్మేటప్పుడు ఇది చెప్పరు కదా?

మెకానిక్: చెప్పరు. ఇంకోటి, షియర్ బోల్టు. అది విరగాలి సార్, విరగడానికే పెట్టారు దాన్ని. రాయి తగిలితే బోల్టు పోతుంది, గేరుబాక్సు మిగులుతుంది. మనవాళ్లేం చేస్తారు? మాటిమాటికీ విరుగుతోందని గట్టి బోల్టు వేస్తారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే. ఆ పైన బోల్టు విరగదు, గేరు పళ్లు విరుగుతాయి. ఆ పళ్లను నేను డబ్బాలో వేసి పెట్టుకున్నా. కొత్తగా ఎవరొచ్చినా తీసి చూపిస్తా.

ఇంజినీర్: సరే, మనం వీడియో సంగతి...

మెకానిక్: చెప్పనివ్వండి సార్. అందుకే ట్రాలీ, గొర్రు అంటున్నా.

(ఇక్కడ దాదాపు నిమిషం పాటు ముగ్గురూ కలిసి మాట్లాడారు. 'గొర్రు' అన్న మాట ఐదారుసార్లు వినబడింది.)

యాంకర్: ఒక్కొక్కరు, ప్లీజ్. ఇంజినీర్ గారూ, ముందు చక్రాలు ఎందుకు లేచాయి?

ఇంజినీర్: బరువు సంగతి ఇది. స్టీరింగు మాట వినాలంటే మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలి. వెనక బరువైనది ఎత్తి పట్టుకుని గట్టు ఎక్కితే అది తగ్గిపోతుంది. బ్రోషర్లో లిఫ్టు సామర్థ్యం 750 కిలోలు అని ఉందనుకోండి, ఎక్కడ కొలిచారో చూడాలి. కొందరు లింకు కొసల దగ్గర, అంటే పనిముట్టును ఎత్తే చేతుల చివర, కొలుస్తారు, కొందరు అక్కడి నుంచి 610 మిల్లీమీటర్లు వెనక్కి. పనిముట్టు బరువు ఉండేది ఆ వెనకే. రెండు లెక్కలకూ చాలా తేడా. ముందు బంపరుకు బరువులు వేసుకోకుండా...

యాంకర్: అంటే బ్రోషర్లోనే మోసం!

ఇంజినీర్: మోసం అనలేదండీ. కొలిచే చోటు వేరు అన్నాను.

యాంకర్: ఒకటేగా.

ఇంజినీర్: ఒకటి కాదు. చూడండి, హ్యారీ ఫెర్గుసన్ అని ఐర్లండు మనిషి, పనిముట్టును బండికి కలిపే ఈ మూడు చేతుల లింకేజీ (కింద రెండు, పైన ఒకటి) మీద ఏళ్ల తరబడి పని చేసింది ఈ బాధ పడలేకే. అంతకు ముందు నాగలిని వెనక గొలుసుతో లాగేవారు. నాగలి బండకు తగిలి ఆగిపోతే, చక్రాలు ఆగక బండి ముందు లేచి డ్రైవరు మీద పడేది. పై లింకు వచ్చాక ఆ ప్రమాదం తగ్గింది. 1938లో ఆయన హెన్రీ ఫోర్డుతో చేతులు కలిపి, కాగితం కూడా రాసుకోకుండా, మరుసటి ఏడు...

యాంకర్: కాగితం లేకుండానా? తర్వాత మోసం జరిగిందా?

ఇంజినీర్: తర్వాత గొడవై, ఫోర్డు చనిపోయాక కోర్టుకెక్కారు, 1952లో రాజీ పడ్డారు. కానీ నేను చెప్పేది లింకేజీ గురించి...

యాంకర్: చూడండి, రైతు పనిముట్టు పుట్టిందే కోర్టు గొడవలో!

రైతు: ఏమండీ, నాకు ముందు లోడరు పెట్టించుకోవాలని ఉంది. పేడ ఎత్తిపోయడానికి.

మెకానిక్: నీ బండికా అన్నా? వద్దు. ముందు యాక్సిల్ పుల్లలా ఉంటుంది. నిండు బకెట్టెత్తి స్టీరింగ్ తిప్పి చూడు, పవర్ స్టీరింగ్ కూడా లేదంటున్నావు. భుజాలు ఊడతాయి.

ఇంజినీర్: ఈ ఒక్కదాంట్లో ఆయనతో ఏకీభవిస్తా. ముందు లోడరు ఉంటే వెనక బరువు కట్టాలి, లేకపోతే వెనక చక్రాలు తేలిపోతాయి. హైడ్రాలిక్ పంపు చాలుతుందో లేదో అదొక లెక్క. దాని బదులు వెనక బ్లేడు పెట్టుకుంటే చదునూ అవుతుంది, కుప్పలూ నెట్టొచ్చు. పీటీఓతో పని లేదు.

మెకానిక్: బ్లేడు కూడా పాతది కొనుక్కో. ఇనుమే కదా. వంగిందా, పగుళ్లకు వెల్డింగ్ కొట్టారా, పిన్ను బొక్కలు సాగాయా చూస్తే చాలు.

నిర్వాహకురాలు: పిన్నులంటే గుర్తొచ్చింది. పాతది కొనేటప్పుడు కేటగిరీ, అంటే బండికి తగిలించే పిన్నుల సైజు, చూసుకోండి. కేటగిరీ ఒకటికి కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పైది 19. మరీ చిన్న బండ్లకు కేటగిరీ సున్నా, అన్నీ 16. మా దగ్గరికి అది పట్టక తిరిగొచ్చినవి చాలా ఉన్నాయి. ఇక రోటవేటరు సంగతంటారా, ఏడాదికి పది రోజులు వాడేది కొనడం ఎందుకు, అద్దెకు...

మెకానిక్: అద్దె మంచిదే అమ్మా. కానీ వాన పడ్డ మర్నాడు అందరికీ ఒకే రోజు కావాలి. అప్పుడు మీ దగ్గర దొరుకుతుందా?

నిర్వాహకురాలు: ముందుగా చెప్పుకుంటే...

మెకానిక్: వాన ముందుగా చెప్పి రాదు కదమ్మా. పదును ఉండేది మూడు రోజులు, మీ వరసలో పదో పేరు నాది. గొర్రు నా కొట్టంలో ఉంటే ఆ పొద్దున్నే కడతా.

నిర్వాహకురాలు: అందుకే గొర్రు కొనుక్కుని రోటవేటరు అద్దెకు తెచ్చుకోండి అంటున్నా. మీరు చెప్పిందే!

మెకానిక్: నేను చెప్పిందే చెప్తున్నారు. సంతోషం.

ఇంజినీర్: ఇంకొకటి ఎవరూ ఎత్తలేదు. ప్రతి ఏడూ రోటవేటరే, అదే లోతులో వేస్తే కింద గట్టిపొర కడుతుంది. పైమట్టి పిండైపోయి వాన పడగానే పెంకు కడుతుంది. అందుకే మధ్యలో ఒక ఏడు లోతు దుక్కి...

మెకానిక్: గొర్రుతో.

ఇంజినీర్: గొర్రు అంత లోతు దిగదండీ! సన్న ఉలి నాగలి కావాలి, అదీ ఈ బండికి ఒకటి రెండు కాళ్లే లాగుతుంది.

మెకానిక్: మా ట్రాక్టరు లాగుతుంది సార్, మీరొచ్చి చూడండి.

యాంకర్: టైమ్ తక్కువుంది. నిర్వాహకురాలు గారూ, పది సెకన్లలో: అంటగడుతున్నారా లేదా?

నిర్వాహకురాలు: పది సెకన్లలో పీటీఓ గురించి చెప్తా. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. షాఫ్టు మీద ప్లాస్టిక్ కవరు లేని పాత పనిముట్టు ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. చొక్కా అంచు తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునే లోపే...

యాంకర్: థాంక్యూ. మెకానిక్ గారూ, మీరు.

మెకానిక్: ట్రాలీ, గొర్రు. ట్రాలీని మాత్రం కింద ఉండే లాగుడు పట్టీకే, అదే డ్రాబారుకే, తగిలించండి. పై లింకు దగ్గర కట్టి లాగితే ఆ వీడియోలో ఇంకో బండి అవుతుంది. ఇంజినీర్ సారు చెప్పిన గొలుసు కథ అదే.

ఇంజినీర్: (నవ్వుతూ) అది నేను చెప్పాల్సిన మాట.

యాంకర్: అందరికీ సమానంగా అవకాశం ఇచ్చాం. అంతిమంగా చర్చ తేల్చింది ఏంటంటే, ట్రాలీ, గొర్రు...

ఇంజినీర్: చర్చ తేల్చలేదండీ, ఆయన...

రైతు: ఏమండీ, ట్రాలీ నాకు ముందే ఉంది. మొదట్లోనే చెబుదామనుకున్నా. ఇప్పుడు మరి ఆ రెండోదీ మూడోదీ...

యాంకర్: చిన్న విరామం.