మతిమరుపు జబ్బుకి రక్త పరీక్ష: చేయించుకోవాలా, వద్దా?

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఇక్కడే మీటింగ్ అయ్యాక మెట్లు దిగుతుంటే ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించి, "డాక్టరమ్మా, రక్తం ఇస్తే పదేళ్ల తర్వాత మతిమరుపు జబ్బు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పేస్తారట కదా, నేనూ మా ఆవిడా చేయించేసుకుంటాం" అన్నారు. ఆయనకి ఏ ఇబ్బందీ లేదు, రోజూ సాయంత్రం మనవడికి లెక్కలు చెబుతారు. మెట్ల మీద నిలబడి తేల్చే విషయం కాదది. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆయనకి జవాబే అనుకోండి.

అసలు ఏం కొలుస్తారో ముందు చూద్దాం. మతిమరుపు జబ్బుల్లో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్‌లో మెదడు కణాల బయట అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుపోతుంది, కణాల లోపల టౌ అనే ఇంకో ప్రొటీన్ చిక్కుపడిపోతుంది. మనకి మరుపు కనిపించడానికి ఎన్నో ఏళ్ల ముందే ఇది మొదలవుతుంది. ఆ టౌ తునకలు కొన్ని రక్తంలోకి చేరతాయి. 217వ స్థానంలో ఫాస్ఫేట్ అతుక్కున్న తునకనే పి-టౌ217 అంటున్నారు. సీబీపీకి ఇచ్చే ఊదారంగు మూత ట్యూబులోనే ఈ రక్తమూ తీస్తారు, కానీ అందులో వెతికేది పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు లెక్కన. నరాల తీగలు దెబ్బతింటే పెరిగే న్యూరోఫిలమెంట్ లైట్, మెదడులోని ఆసరా కణాల నుంచి వచ్చే జీఎఫ్ఏపీ అని ఇంకో రెండు ఉన్నాయి. ఇదివరకు ఇలాంటివి తెలుసుకోవాలంటే నడుములో సూది గుచ్చి వెన్నునీరు తీయాలి, లేదా ఖరీదైన పెట్ స్కాన్ తీయించాలి. కాబట్టి ఇది చాలా పెద్ద ముందడుగు, అందులో నాకు సందేహమే లేదు.

మరి పదేళ్ల ముందు చెప్పగలదా? స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లోని కుంగ్స్‌హోల్మెన్ ప్రాంతంలో, 60 ఏళ్లు దాటి అప్పటికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, లేని 2,148 మంది రక్తాన్ని పరీక్షించి, వాళ్లని 16 ఏళ్ల దాకా గమనించారు. ఫలితాలు 2025లో వచ్చాయి. ఈ ప్రొటీన్లు తక్కువగా ఉన్నవాళ్లలో నూటికి 90 మందికి పైగా పదేళ్లలో డిమెన్షియా రాలేదు. ఎక్కువగా ఉన్నవాళ్ల సంగతి? రెండు మూడు ప్రొటీన్లు కలిపి చూసినా, మహా అయితే నూటికి 43 మందికి వచ్చింది. మిగతా 57 మంది సంగతి ఆలోచించండి. ఇంట్లో కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోతే చాలు, కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. బ్యాంకులో సంతకం పెట్టబోతే "నాన్నా, నువ్వుండు" అంటారు. రాని జబ్బుకి పదేళ్ల టెన్షన్ అది, ఆ మనిషి మాటకి ఇంట్లో విలువ పోవడం అది.

ఆ మెసేజ్‌లో నూటికి తొంభై దాటి కరెక్టు అని ఉంది, అదీ అబద్ధం కాదు. 2025 మే నెలలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన, ఈ పి-టౌ217నే చూసే లూమిపల్స్ అనే రక్త పరీక్షలో, 499 శాంపిళ్ల మీద చూస్తే, పాజిటివ్ వచ్చినవాళ్లలో 91.7 శాతం మందికి మెదడులో అమైలాయిడ్ నిజంగానే ఉంది. నెగెటివ్ వచ్చినవాళ్లలో 97.3 శాతం మందికి లేదు. కానీ ఆ పరీక్ష 55 ఏళ్లు దాటి, అప్పటికే మరుపు లక్షణాలు కనిపిస్తున్నవాళ్ల కోసం. పైగా అక్కడ అడిగిన ప్రశ్న వేరు: ఇప్పుడు మెదడులో అమైలాయిడ్ ఉందా అని. రేపు మతి తప్పుతుందా అన్నది ఇంకో ప్రశ్న. అమైలాయిడ్ ఉండి కూడా చివరిదాకా తెలివిగా బతికినవాళ్లు ఎందరో ఉన్నారు. మన హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. మెదడుకి ఉన్న ఆ తట్టుకునే శక్తి ఎంతో పి-టౌ చెప్పలేదు.

మా అమ్మ సంగతి చెబుతాను. రోజూ వాకిట్లో ముగ్గు వేసేది. ఒక రోజు పొద్దున చుక్కలన్నీ వరసగా పెట్టి, పిండి పిడికిట్లో పట్టుకుని అలా నిలబడిపోయింది, ఏ చుక్కని దేనితో కలపాలో తోచలేదు. నేను డాక్టర్ని అయ్యుండి కూడా వయసు కదా అనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లకి గానీ చూపించలేదు, ఆ రెండేళ్ల గురించి ఇప్పటికీ బాధపడతాను. ఈ రక్త పరీక్ష అవసరమయ్యేది అలాంటివాళ్లకి. అది కూడా ముందు బి12, థైరాయిడ్, వేసుకునే నిద్రమాత్రలు, మనసు దిగులు, చెవులు వినపడటం, ఇవన్నీ చూశాకే, ఎందుకంటే వీటివల్ల వచ్చే మరుపు చాలాసార్లు సరిచేయగలిగినదే.

ఇంకొకటి మర్చిపోకండి. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే మెదడు బాగానే ఉన్నా ఈ ప్రొటీన్ల అంకెలు పెరగొచ్చు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉండే ఉద్దానం వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్ల రిపోర్టు చూసేటప్పుడు నేను మొట్టమొదట అడిగేది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత అనే. ఈ పరీక్ష ఇప్పటికే చేయించుకున్నవాళ్లు ఇక్కడుంటే, కింద నన్ను కలిసేటప్పుడు ఆ కాగితం కూడా పట్టుకురండి.

ఆ పెద్దాయన మూడో వరసలో ఉన్నారు. మొదటి ప్రశ్న ఆయనదే, మైకు అటు అందించండి.