బ్లాకు తెరిచాక మిగిలే జబ్బు

సభకు నమస్కారం. యాంజియోగ్రామ్ ముగించి క్యాథ్‌ల్యాబ్ బయటికి రాగానే బంధువులు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని బ్లాకులు, ఎంత శాతం?" అన్నదే. డెబ్బై అంటే స్టెంటు తప్పదనీ, నలభై అంటే గండం గడిచిందనీ అక్కడికక్కడే తేల్చేసుకుంటారు. ఆ లెక్క ఎందుకు సరిపోదో చెప్పడానికే మీ ముందుకు వచ్చాను.

గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకోవడమంటే కుళాయి గొట్టంలో పాచి పట్టడం వంటిది కాదు. కొవ్వు చేరేది నాళపు గోడ లోపల. దాన్ని కప్పి ఉన్న పలుచని పొర చిట్లితే, అక్కడ నిమిషాల మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గుండెపోటు చాలావరకు ఇలాగే వస్తుంది. చిట్లేది డెబ్బై శాతం బ్లాకే కానక్కరలేదు, నలభై శాతంది కూడా కావచ్చు.

1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ మొదటిసారి గుండె నాళంలోకి బెలూన్ పంపి బ్లాకును తెరిచారు. కానీ అలా తెరిచిన నాళాల్లో దాదాపు మూడింట ఒకటి కొన్ని నెలల్లోనే మళ్లీ సన్నబడేది. 1986లో టూలూజ్‌లో జాక్ ప్యుయెల్, లోజాన్‌లో ఉల్‌రిక్ సిగ్వార్ట్ లోహపు జాలీని లోపల నిలిపి చూశారు. స్టెంటు అంటే ఆ జాలీయే. జాలీ సందుల్లోంచి కండ పెరిగి మళ్లీ అడ్డుపడుతుంటే, దాన్ని ఆపడానికి మందు పూత వచ్చింది. ఆ తొలి మందు సిరోలిమస్ ఈస్టర్ దీవి మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దొరికిందే. ధర తగ్గించాలని మన హైదరాబాద్‌లోనే గుండె వైద్యులు డాక్టర్ సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం 1990లలో స్టెంటు తయారు చేయించిన సంగతి మీలో చాలామందికి తెలుసు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర కట్టేదాకా, ఒక్కొక్కటి లక్ష దాటిన రోజులు కూడా మేము చూశాం.

బెలూన్ మీద ముడుచుకుని ఉన్న స్టెంటు బాల్‌పెన్ స్ప్రింగు కంటే సన్నగా ఉంటుంది. మణికట్టు నాళం గుండా దాన్ని బ్లాకు దగ్గరికి చేర్చి, కారు టైరులోని గాలికి అయిదారు రెట్ల ఒత్తిడితో బెలూన్ ఉబ్బిస్తాం. ఆ కొద్ది సెకన్లు ఆ నాళంలో రక్తం ఆగుతుంది కనుక, మెలకువగా ఉన్న రోగి "అదే నొప్పి, సార్" అంటాడు. బెలూన్ దించగానే ఆ నొప్పి తగ్గిపోతుంది.

గుండెపోటు నడుస్తున్నప్పుడు ఇదే పని ప్రాణం నిలబెడుతుంది. అందుకే గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకున్న రాత్రులంటే నాకు భయం. నడిస్తే ఆయాసం, ఆగితే ఉపశమనం అన్నట్టు నిలకడగా ఉన్న జబ్బు సంగతి వేరు. 5,179 మంది మీద జరిగి 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అధ్యయనంలో, మొదటే స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. ఛాతీనొప్పి మాత్రం తగ్గింది. నొప్పి తగ్గడం చిన్న మేలేమీ కాదు. అయితే, ఎడమ ప్రధాన నాళంలో బ్లాకు ఉన్నవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదు కాబట్టి, ఆ మాట వారికి వర్తించదు. షుగరు ఉండి మూడు నాళాలూ దెబ్బతిన్నవారిలో చాలామందికి బైపాసే మేలు.

స్టెంటు వేసిన చోటు ఒక అంగుళం. జబ్బు ఉన్నది మొత్తం నాళాల్లో. మిగతా భాగాన్ని కాచేవి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, బీపీ, షుగర్ల అదుపు, చుట్ట బీడీ మానడం. స్టెంటు లోపల రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, దానితో పాటు ఇంకో మాత్ర నెలల తరబడి వాడాలి.

స్టెంటు వేసిన రెండు నెలలకు ఒక పెద్దాయన పన్ను పీకించుకోవాలని, ఎవరో చెబితే, ఆ రెండు మాత్రలూ ఆపేశారు. అయిదో రోజు తెల్లవారుజామున అదే స్టెంటు మూసుకుపోయి వచ్చారు. నాళాన్ని మళ్లీ తెరిచాం, బతికారు. గుండె కండరంలో కొంత భాగం మాత్రం తిరిగి రాలేదు. పన్ను పీకడానికి ఆ మాత్రలు మామూలుగా ఆపనక్కరలేదు. ఎవరైనా ఆపమంటే, ఒప్పుకునే ముందు స్టెంటు వేసిన డాక్టరుకు ఒక ఫోన్ చేయండి.